తాళ్ళపాక రాగిరేకులు

తాళ్ళపాక రాగిరేకులు తిరుమల శ్రీవేంకటేశ్వరస్వామి ఆలయంలోని సంకీర్తన భాండారంలో లభించిన రాగి ఫలకాలు. వీటిపై తాళ్ళపాక అన్నమాచార్యుడు (1408–1503), ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యుడు, మనుమడు చినతిరుమలాచార్యుడు రచించిన సంకీర్తనలు, ఇతర కృతులు తెలుగు లిపిలో చెక్కబడి ఉన్నాయి. రెండు వేలకు పైగా ఉన్న ఈ రేకులు 16వ శతాబ్దిలో తయారైనవి. తెలుగు పదసాహిత్యానికి ఇవే ప్రధానమైన ఆధారం. అన్నమాచార్యుని సంకీర్తనలలో నేడు లభ్యమవుతున్న పన్నెండు వేలకు పైగా పాటలలో అత్యధిక భాగం ఈ రేకుల వల్లనే నిలిచింది.

రేకులపై ప్రతి పాటకు మొదట రాగం పేరు ఉంటుంది. పాట యొక్క స్వరరచన మాత్రం ఉండదు. అందువల్ల సాహిత్యం యథాతథంగా మిగిలినా, అన్నమాచార్యుడు పాడిన వరుసలు చాలావరకు మిగలలేదు. ఈనాడు కచేరీలలో, ఆలయాలలో, ఆకాశవాణిలో వినవచ్చే అన్నమాచార్య కీర్తనల వరుసలు అధికాంశం 20వ శతాబ్దపు సంగీత విద్వాంసులు కూర్చినవి.

నేపథ్యం

అన్నమాచార్యుడు కడప సీమలో రాజంపేట సమీపాన ఉన్న తాళ్ళపాక గ్రామంలో 1408లో జన్మించాడు. ఆయనను పదకవితా పితామహుడు అంటారు. ఆయన జీవితాన్ని గురించి తెలిపే ముఖ్య ఆధారం అన్నమాచార్య చరిత్రము అనే ద్విపద కావ్యం. దీనిని ఆయన మనుమడు చిన్నన్న అని పిలువబడిన తిరువేంగళనాథుడు రచించాడు. ఈ కావ్యం ప్రకారం అన్నమాచార్యుడు 32,000 సంకీర్తనలు రచించాడు. చంద్రగిరిని ఏలి, అనంతరం విజయనగర సింహాసనాన్ని అధిష్ఠించిన సాళువ నరసింహరాయలు ఆయనను ఆదరించాడనీ, తన మీద కూడా ఒక పాట చెప్పమని కోరగా అన్నమాచార్యుడు నిరాకరించి చెరను అనుభవించాడనీ ఈ కావ్యం తెలుపుతున్నది.

రాగిరేకులలో అధ్యాత్మ సంకీర్తనల ఆరంభంలో ఒక పీఠిక వంటి వాక్యం ఉంది. శాలివాహన శకం 1346, క్రోధి సంవత్సరంలో, అంటే క్రీ.శ. 1424లో, అన్నమాచార్యునికి పదహారేండ్ల వయసులో స్వామి ప్రత్యక్షమైనట్లూ, నాటి నుండి శకం 1424 దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి వరకు, అంటే 1503 వరకు, ఆయన సంకీర్తనలు విన్నవించినట్లూ అందులో ఉంది. అన్నమాచార్యుని జనన మరణ కాలాలను పండితులు ఈ వాక్యం ఆధారంగానే నిర్ణయించారు. ఈ డెబ్బైతొమ్మిదేళ్ళ కాలానికి 32,000 పాటలను పంచితే దినానికి ఒకటి కంటె కొంచెం ఎక్కువ అవుతుంది. ఆయన ప్రతిదినం ఒక సంకీర్తనకు తక్కువ కాకుండా స్వామికి సమర్పించాడనే సంప్రదాయ కథనంతో ఈ లెక్క సరిపోతుంది.

ఆయన కుటుంబంలో పలువురు కవులు ఉన్నారు. భార్య తిమ్మక్క సుభద్రాకళ్యాణము రచించింది. ఆమెను తెలుగులో తొలి కవయిత్రిగా పరిగణిస్తారు. కుమారుడు పెదతిరుమలాచార్యుడు సంకీర్తనలతో పాటు శ్రీవేంకటేశ్వర వచనములు, చక్రవాళమంజరి, సుదర్శన రగడ, రేఫ ఱకార నిర్ణయము మొదలైనవి రచించాడు. మనుమడు చినతిరుమలాచార్యుడు సంకీర్తన లక్షణము అనే పద్యగ్రంథాన్ని రచించాడు. పాటలకు లక్షణం చెప్పే ఈ గ్రంథానికి మూలం అన్నమాచార్యుడు సంస్కృతంలో రచించిన లక్షణగ్రంథం. ఆ సంస్కృత మూలం లభించలేదు.

సంకీర్తన భాండారం

తండ్రి పాటలను రాగిరేకుల మీద చెక్కించి భద్రపరచిన ఘనత పెదతిరుమలాచార్యునిదిగా పండితులు భావిస్తున్నారు. ఆయనకు విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల (పాలనాకాలం 1529–1542) ఆదరణ లభించింది. తిరుమల ఆలయంలో ఈ రేకులను ఉంచిన రాతి గదికి సంకీర్తన భాండారం అని పేరు. ఇది ఆలయ ప్రాకారం లోపల హుండీ ఉన్న చోటికి సమీపంలో ఉన్నది. గది ద్వారానికి ఇరువైపులా ఇద్దరు వ్యక్తుల శిల్పాలు ఉన్నాయి. వీరు అన్నమాచార్యుడు, పెదతిరుమలాచార్యుడు అని చెబుతారు.

ఆ కాలంలో కావ్యాలను సాధారణంగా తాటాకుల మీద వ్రాసేవారు. తాటాకు ప్రతి తేమకు, చెదలకు లోనై కొన్ని తరాలలో శిథిలమవుతుంది. దానిని మరల మరల నకలు తీయవలసి ఉంటుంది. రాగి రేకును భూదానాలు, అగ్రహార దానాలు మొదలైన శాసనాలకు వాడేవారు. దానపత్రం ఆచంద్రార్కం నిలవవలసినది కాబట్టి అందుకు లోహం తగినదని భావించారు. పాటలకు కూడా అదే లోహాన్ని ఎంచుకోవడం వల్ల వాటికి శాసనంతో సమానమైన స్థానం లభించింది. తెలుగు కవుల రచనలు ఇంత పెద్ద మొత్తంలో లోహం మీద చెక్కబడడం మరొక చోట కనిపించదు.

రేకుల స్వరూపం

ఒక్కొక్క రేకు మీద రెండు వైపులా కలిపి సాధారణంగా ఆరు పాటలు ఉంటాయి. రేకులకు వరుస సంఖ్యలు వేయబడ్డాయి. ముద్రిత సంపుటాలలో కూడా ప్రతి పాటకు రేకు సంఖ్య, ఆ రేకులో పాట వరుస, సంపుటం సంఖ్య, సంపుటంలో పాట సంఖ్య ఇవ్వడం ఆనవాయితీ. వరుసలో కొన్ని రేకులు లభించలేదు. 32,000 అని చరిత్రకావ్యం చెప్పిన సంఖ్యకు, నేడు లభ్యమవుతున్న సంఖ్యకు మధ్య ఉన్న పెద్ద అంతరానికి ఇది ఒక కారణం కావచ్చును.

పాటలను రెండు విభాగాలుగా చెక్కారు.

అధ్యాత్మ సంకీర్తనలు: భక్తి, వైరాగ్యం, శరణాగతి, వేదాంతం, లోకరీతి వీటిలో ప్రధాన విషయాలు.

శృంగార సంకీర్తనలు: స్వామికి, అలమేలుమంగకు మధ్య గల అనురాగం, అలుక, విరహం, సమాగమం వీటిలో వర్ణితమయ్యాయి. లభ్యమైన పాటలలో ఇవే అధిక సంఖ్యలో ఉన్నాయి.

సాధారణంగా ఒక పాటలో ఒక పల్లవి, మూడు చరణాలు ఉంటాయి. చివరి చరణంలో వేంకటేశ్వరుని పేరు ముద్రగా వస్తుంది. జోల, లాలి, సువ్వి, ఏల, ఉయ్యాల, గొబ్బి వంటి జానపద ఫణితులలో రచించిన పాటలు కూడా గణనీయంగా ఉన్నాయి. స్త్రీలు దంచేటప్పుడు, పిల్లలను ఊపేటప్పుడు పాడుకొనే వరుసలు ఆ కాలంలో ఎలా ఉండేవో తెలుసుకోవడానికి ఈ పాటల ఛందస్సు ఆధారంగా ఉపయోగపడుతుంది.

రేకుల మీద పదాల మధ్య విడుపు లేకుండా వరుసగా చెక్కడం వల్ల పాఠనిర్ణయం కష్టమైన పని. వలపలగిలక వంటి ప్రాచీన లేఖన పద్ధతులు, ఆనాటి వాడుకమాటలు, నేడు నిఘంటువులలో కానరాని కొన్ని పదాలు పరిష్కర్తలకు సమస్యలుగా నిలిచాయి. పదం విరిచే చోటు మారితే పాట అర్థమే మారే సందర్భాలు ఉన్నాయి.

మరుగున పడిన కాలం

విజయనగర సామ్రాజ్యం క్షీణించిన తరువాత రాగిరేకుల గురించి సాహిత్య లోకానికి తెలియని కాలం గడిచింది. అయినా వీటి ఉనికి స్థానికులకు పూర్తిగా తెలియకుండా పోలేదు. మద్రాసు ప్రభుత్వ ఉద్యోగి అలెగ్జాండర్ డంకన్ క్యాంబెల్ 1816లో మద్రాసులో ప్రకటించిన తెలుగు వ్యాకరణం పీఠికలో వీటి ప్రస్తావన ఉంది. తిరుపతి కొండ మీద ఆలయంలో ఒక బ్రాహ్మణ కుటుంబం వేలకొలది రాగిరేకులను భద్రపరచినదని విని, వాటిని పరిశీలించడానికి ఆయన ఒక మనిషిని పంపాడు. వ్యాకరణానికి సంబంధించిన ఒక రచనకు నకలు తీయించాడు. మిగిలినవన్నీ దేవుని మీద స్తోత్రాలే తప్ప మరేమీ కావని తేల్చి వదిలివేశాడు.

వ్యాకరణం కోసం వెదకిన వానికి ఆ పాటలు నిరుపయోగంగా కనిపించాయి. ఈ పరిశీలన జరిగిన తరువాత రేకులు మరొక శతాబ్ది కాలం దాదాపు అలాగే ఉండిపోయాయి. 1843 నుండి 1933 వరకు ఆలయ నిర్వహణ హాథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉండేది. ఆ కాలం చివరి భాగంలో, 1922 ప్రాంతంలో, రేకులు మరల పండితుల దృష్టికి వచ్చాయి. ఆలయ శాసనాలను పరిశోధించిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వీటి ప్రాముఖ్యాన్ని గుర్తించి వెలుగులోకి తెచ్చిన వారిలో ముఖ్యుడు. అనంతరం రేకులు తిరుపతికి చేర్చబడ్డాయి.

పరిష్కరణ, ముద్రణ

తిరుమల తిరుపతి దేవస్థానం ఏర్పడిన తరువాత 1930వ దశకంలో రేకులలోని సాహిత్య ప్రచురణ ఆరంభమైంది. తొలి దశలో పనిచేసిన వారిలో పండిత విజయరాఘవాచార్యులు ఒకరు. తరువాత ఈ పనిని ముందుకు నడిపినవారిలో కింది వారు ముఖ్యులు.

వేటూరి ప్రభాకరశాస్త్రి (1888–1950): కృష్ణా జిల్లా పెదకళ్ళేపల్లిలో జన్మించిన పండితుడు, పరిశోధకుడు. తిరుపతిలో ఉండి తాళ్ళపాక సాహిత్యాన్ని పరిశీలించాడు. చిన్నన్న రచించిన అన్నమాచార్య చరిత్రమును విపులమైన పీఠికతో 1949లో ప్రకటించాడు. అన్నమాచార్యుని కాలం, వంశం, రచనల గురించి నేడు తెలిసిన విషయాలకు ఆ పీఠిక పునాది.

రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979): సాహిత్యంలోను, సంగీతంలోను సమానమైన పాండిత్యం కలవాడు. మైసూరులో తెలుగు అధ్యాపకునిగా పనిచేసి, ప్రభాకరశాస్త్రి మరణానంతరం తిరుపతిలో ఈ పనిని చేపట్టాడు. సంకీర్తనల సంపుటాలను పరిష్కరించడమే గాక వందకు పైగా పాటలకు స్వరరచన చేసి స్వరసహితంగా ప్రకటించాడు.

అర్చకం ఉదయగిరి శ్రీనివాసాచార్యులు, గౌరిపెద్ది రామసుబ్బశర్మ: అనేక సంపుటాల పరిష్కర్తలు.

ఈ సంపుటాలు ఇరవైకి పైగా వెలువడినవి. అనంతరం పునర్ముద్రణలు కూడా వచ్చాయి. తెలుగు వికీసోర్సులో కూడా ఈ పదసాహిత్యం చేర్చబడింది.

స్వరం ఎందుకు మిగలలేదు?

పాటను స్వరాలతో వ్రాసే పద్ధతి భారతదేశంలో అన్నమాచార్యునికి పూర్వమే ఉన్నది. తమిళనాడులో పుదుక్కోట సమీపాన ఉన్న కుడుమియాన్‌మలై శాసనం 7వ శతాబ్దికి చెందినది. అందులో స్వరాక్షర సముదాయాలు రాతి మీద చెక్కబడ్డాయి. 13వ శతాబ్దిలో శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరంలో కూడా స్వరలిపి ఉదాహరణలు ఉన్నాయి. తిరుమలలోనే తెలుగు లిపిలో ఉన్న ఒక సంగీత శాసనం లభించింది. దీనిలో స్వరాలతో కూడిన ప్రబంధాలు ఉన్నాయి. సాళ్వ కృష్ణమూర్తి దీనిని 15వ శతాబ్దపు శాసనంగా నిర్ణయించి, వ్యాఖ్యాన సహితంగా 1990లో మద్రాసు నుండి ప్రకటించారు. కాబట్టి స్వరలిపి తెలియక రేకుల మీద వ్రాయలేదని చెప్పడానికి వీలులేదు.

అప్పటి దృష్టిలో పాట వరుసను నిలిపేది గురుశిష్య పరంపర. రాగం పేరు తెలిస్తే, వరుస తెలిసిన గాయకుడు పాడగలడు. తాళ్ళపాక వంశీయులు ఆలయంలో సంకీర్తన సేవ చేస్తున్నంత కాలం వరుసను వేరుగా వ్రాయవలసిన అవసరం కనిపించి ఉండదు. పాడేవారి పరంపర సన్నగిల్లినప్పుడు మాత్రం మాట మిగిలి వరుస పోయింది.

పరంపర పూర్తిగా తెగిపోలేదు. తిరుమలలో రాత్రి జరిగే ఏకాంతసేవలో తాళ్ళపాక వారి లాలి నేటికీ ఆచారంగా ఉంది. తమిళనాటి భజన సంప్రదాయంలో తోడయమంగళంలో తాళ్ళపాక వారి రచనలు పాడుతారు. ఇటువంటివి పన్నెండు వేల పాటలలో బహు కొద్ది మాత్రమే.

రాగాల సమస్య

రేకులపై సుమారు తొంభై రాగాల పేర్లు కనిపిస్తాయి. సామంతం, శ్రీరాగం, ముఖారి, బౌళి, పాడి, రామక్రియ, దేశాక్షి, గుండక్రియ, లలిత, శంకరాభరణం, భైరవి, కాంభోది, ఆహిరి, వరాళి, నాట మొదలైనవి తరచుగా వస్తాయి. ఆబాలి, అమరసింధు, కొండమలహరి వంటి పేర్లు నేటి సంగీతంలో వినిపించవు.

పేరు నేటికీ ఉన్న రాగాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఒకే పేరు గల రాగం కాలక్రమంలో స్వరాలను మార్చుకొన్న ఉదాహరణలు ఉన్నాయి. ఇందుకు ముఖారి మంచి నిదర్శనం. విజయనగరంలో రామామాత్యుడు 1550లో రచించిన స్వరమేళకళానిధిలో ముఖారి మొదటి మేళం. అన్నీ శుద్ధస్వరాలే గల ఆ మేళం నేటి కనకాంగికి సమానం. నేటి ముఖారిలోనైతే చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం పలుకుతాయి. ఈ రెండూ చెవికి వేరు వేరు రాగాలు. 17వ శతాబ్దిలో వేంకటమఖి 72 మేళాల పద్ధతిని ప్రతిపాదించిన తరువాత రాగాల వర్గీకరణ మరింత మారింది. అందువల్ల రేకు మీద ముఖారి అని ఉన్న పాటను నేటి ముఖారిలో పాడినంత మాత్రాన అది అన్నమాచార్యుని వరుస అని చెప్పలేము.

ప్రసిద్ధమైన రెండు పాటలను గమనిస్తే పరిస్థితి తెలుస్తుంది. "బ్రహ్మ కడిగిన పాదము", "నానాటి బదుకు నాటకము" అనే రెండింటికీ రేకులపై ఉన్న రాగం ముఖారి. మొదటి దానికి రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ నేటి ముఖారిలోనే వరుస కట్టారు. రెండవది నేదునూరి కృష్ణమూర్తి వరుసలో రేవతి రాగంలో ప్రచారం పొందింది. ఒకరు రేకు మీది పేరును పాటించారు. మరొకరు పాట భావానికి తగినదని తోచిన రాగాన్ని ఎంచుకొన్నారు. రెండు వరుసలూ జనాదరణ పొందాయి. రెండూ 20వ శతాబ్దానికి చెందినవే.

ఇటలీ రాతప్రతులతో పోలిక

భక్తి సంగీతాన్ని వ్రాతలో నిలిపే ప్రయత్నం మధ్యయుగ ఇటలీలో మరొక విధంగా సాగింది. తొలి కాలపు క్రైస్తవ గానగ్రంథాలలో పాట అక్షరాల మీద చిన్న గుర్తులు ఉండేవి. వాటిని న్యూములు అంటారు. స్వరం పైకి పోతున్నదా, కిందికి వస్తున్నదా అనే విషయం వాటి వల్ల తెలిసేది గాని ఎంత ఎత్తుకు అనేది కచ్చితంగా తెలిసేది కాదు. వరుస ముందే తెలిసినవానికి గుర్తు చేయడానికి మాత్రమే అవి పనికివచ్చేవి.

11వ శతాబ్దిలో అరెజ్జో నగరానికి చెందిన గ్విడో అనే సన్యాసి అడ్డగీతల మీద స్వరాలను గుర్తించే పద్ధతిని స్థిరపరచాడు. స్వరాలకు ఉత్, రే, మి, ఫా, సోల్, లా అనే అక్షరసంజ్ఞలు కూడా ఆయన ప్రవేశపెట్టినవే. వీటిని మన సరిగమలతో పోల్చవచ్చును. అంతకు ముందు ఎన్నడూ వినని పాటను కూడా చూసి పాడడం దీనివల్ల సాధ్యమైంది. అరెజ్జో ప్రాంతంలోనే ఉన్న కోర్తోనా పట్టణంలో 13వ శతాబ్దపు లౌదారియో అనే పాటల గ్రంథం ఉంది. లౌదా అనేవి సామాన్య జనుల భక్తసమాజాలు లాటిన్‌లో గాక ప్రజల ఇటాలియన్ భాషలో పాడుకొన్న స్తుతిగీతాలు. పండితభాషను కాదని జనుల నుడిలో పాట కట్టడంలో వీటికి, అన్నమాచార్య సంకీర్తనలకు పోలిక ఉంది. ఈ గ్రంథం కూడా చాలాకాలం మరుగున ఉండి 1876లో వెలుగులోకి వచ్చింది. ఇందులోని పాటలలో 46 స్వరసహితంగా ఉన్నాయి.

ఆ పాటల స్వరాలు తెలుస్తాయి గాని ఏ స్వరాన్ని ఎంతసేపు నిలపాలో ఆ లిపిలో కచ్చితంగా లేదు. కనుక లయ విషయంలో నేటి గాయకులు ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా పాడుతున్నారు. తాళ్ళపాక రేకులలో రాగం పేరు ఉండి స్వరం లేదు. కోర్తోనా గ్రంథంలో స్వరం ఉండి లయ లేదు. ఏ వ్రాత అయినా పాటలో కొంత భాగాన్నే పట్టుకొంటుందనీ, మిగిలినది పాడేవారి పరంపర మీదనే ఆధారపడుతుందనీ ఈ రెండింటి వల్ల తెలుస్తున్నది.

ఆధునిక స్వరకల్పన

ముద్రిత సంపుటాలు వెలువడిన తరువాత పాటలను మరల గానంలోకి తేవడం రెండవ దశ. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ఇందుకు మార్గదర్శకుడు. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టును స్థాపించింది. పాటలకు స్వరకల్పన, గానం, రికార్డింగు, ప్రచారం దీని ముఖ్య కార్యక్రమాలు.

ఈ పనిలో గోదావరి మండలానికి చెందిన విద్వాంసుల పాత్ర ప్రత్యేకంగా చెప్పదగినది.

నేదునూరి కృష్ణమూర్తి (1927–2014): పిఠాపురం సమీపంలోని కొత్తపల్లిలో జన్మించాడు. శ్రీపాద పినాకపాణి శిష్యుడు. వందకు పైగా సంకీర్తనలకు వరుసలు కట్టాడు. ఆయన వరుసలు కొన్ని ఎం. ఎస్. సుబ్బులక్ష్మి గానం చేసిన బాలాజీ పంచరత్నమాల రికార్డుల ద్వారా దేశమంతటా వ్యాపించాయి.

మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016): కోనసీమలోని శంకరగుప్తంలో జన్మించాడు. పలు అన్నమాచార్య సంకీర్తనలకు స్వయంగా వరుసలు కూర్చి పాడాడు.

గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ (1948–2025): రాజమండ్రిలో జన్మించాడు. నేదునూరి శిష్యుడు. 1978 నుండి 2006 వరకు అన్నమాచార్య ప్రాజెక్టులో పనిచేశాడు. ఆరువందలకు పైగా సంకీర్తనలకు స్వరకల్పన చేశాడు. సులభంగా పట్టుబడే ఆయన వరుసలు భజన బృందాలలోను, సంగీతం నేర్చుకొనే పిల్లలలోను విశేషంగా ప్రచారంలో ఉన్నాయి.

రాళ్ళపల్లి, నేదునూరి వరుసలు కచేరీ సంప్రదాయానికి దగ్గరగా ఉంటాయి. బాలకృష్ణప్రసాద్ వరుసలలో అధిక భాగం లలితమైన నడకలో బృందగానానికి అనువుగా ఉంటాయి. వీరు వేరు వేరు మార్గాలను అనుసరించినా పాట సాహిత్యం శ్రోతకు స్పష్టంగా వినిపించాలనే నియమాన్ని అందరూ పాటించారు.

ఆకాశవాణి విజయవాడ కేంద్రం ప్రసారం చేసిన భక్తిరంజని కార్యక్రమం వల్ల ఈ పాటలు సంగీతజ్ఞానం లేని ఇళ్ళకు కూడా చేరాయి. 2009 మే 10న సికింద్రాబాదు పరేడ్ మైదానంలో సిలికానాంధ్ర సంస్థ నిర్వహించిన లక్షగళ సంకీర్తనార్చనలో 1,60,000కు పైగా గాయకులు సప్తగిరి సంకీర్తనలుగా పేరుపొందిన ఏడు పాటలను ఒకే కంఠంగా పాడారు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు స్థాపించిన సంస్థ దీనిని తలపెట్టడం విశేషం. ఒక శతాబ్దికి పూర్వం చీకటి గదిలో ఉన్న పాటలు ఇంతమందికి కంఠస్థమయ్యాయి.

కర్తృత్వ ప్రశ్న

అన్నమాచార్య కీర్తన అని చెప్పినప్పుడు శ్రోతలు మాట, వరుస రెండూ ఆయనవే అని అనుకోవడం సహజం. త్యాగరాజు, ముత్తుస్వామి దీక్షితుల కృతులు శిష్యపరంపర ద్వారా వరుసలతో సహా అందినవి. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో ముద్రింపించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని వంటి గ్రంథాలలో వాటి స్వరలిపి కూడా నమోదయింది. అన్నమాచార్యుని విషయంలో అటువంటి ఆధారం లేదు. ఒకే సంకీర్తనను వేరు వేరు రాగాలలో పాడడం అందువల్లనే సాధ్యమవుతున్నది. దీనిని తప్పుగా గాని, అపచారంగా గాని భావించనవసరం లేదు. వరుస కట్టిన విద్వాంసుని పేరు తెలుపకుండా పాడినప్పుడు మాత్రం రెండు అనర్థాలు కలుగుతాయి. ఆధునిక స్వరకర్త కృషి మరుగున పడుతుంది. 15వ శతాబ్దపు సంగీతం ఇలా ఉండేదనే తప్పు అభిప్రాయం విద్యార్థులలో స్థిరపడుతుంది.

లభ్యమైన పాటలలో స్వరకల్పన పొంది ప్రచారంలో ఉన్నవి కొద్ది భాగం మాత్రమే. శృంగార సంకీర్తనలలో అధిక భాగం ఇంకా ముద్రిత పాఠంగానే ఉంది. రేకులపై ఉన్న రాగనామాలను ఆ కాలపు లక్షణగ్రంథాలతోను, తిరుమల సంగీత శాసనంతోను సరిపోల్చి, ఆనాటి రాగస్వరూపాలను ఊహించడానికి అవకాశం ఉంది.

ప్రాముఖ్యం

తాళ్ళపాక రాగిరేకుల ప్రాముఖ్యాన్ని కింది విధంగా సంగ్రహించవచ్చును.

భాష: 15, 16 శతాబ్దాల రాయలసీమ వాడుక తెలుగు, సామెతలు, నుడికారం, వంటలు, ఆటలు, వృత్తులకు సంబంధించిన పదాలు వీటిలో నిలిచి ఉన్నాయి. కావ్యభాషలో చోటు దొరకని పలుకుబడులు అనేకం పాటలలో కనిపిస్తాయి.

సాహిత్యం: పదం ఒక ప్రత్యేక ప్రక్రియగా తెలుగులో ఎంత విస్తరించిందో తెలుస్తుంది. 17వ శతాబ్దపు క్షేత్రయ్య పదాలకు పూర్వరూపం శృంగార సంకీర్తనలలో ఉంది.

సంగీతం: పల్లవి, చరణాల విభజన స్థిరపడిన దశకు ఇవి సాక్ష్యం. త్యాగరాజు జన్మించడానికి రెండు శతాబ్దాలకు పైగా పూర్వమే ఈ నిర్మాణం వేలకొలది పాటలలో నిలకడగా ఉన్నట్లు రేకులు చూపుతున్నాయి. రాగనామాల చరిత్రకు కాలం తెలిసిన ఆధారం కూడా ఇవే.

చరిత్ర: అన్నమాచార్యుని కాలనిర్ణయానికి, తిరుమల ఆలయ సేవల చరిత్రకు ఇవి ప్రత్యక్ష ప్రమాణాలు.

ఇవి కూడా చూడండి

తాళ్ళపాక అన్నమాచార్యుడు
తాళ్ళపాక తిమ్మక్క
వేటూరి ప్రభాకరశాస్త్రి
రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ
నేదునూరి కృష్ణమూర్తి
గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్
కర్ణాటక సంగీతం